గేర్ ఆయిల్ ఎటు పోయింది?

"ప్రొపెల్లర్ వెనక దారం ఉంది. చూడండి, ఫొటో తీసుకోండి, సంతకం పెట్టి బయల్దేరండి," అంది సీఐ ప్రశాంతి. "నాకింకా వంద పనులున్నాయి."

"నాకు ఒకటే ఉండాది మేడం," అన్నాడు జయరాముడు, సంచిలోంచి స్పానర్లు తీసి గోనెపట్టా మీద పరుస్తూ. "అది అయ్యేదాకా మీ వందా ఆగాల."

పోలీసుల షెడ్డు రేకులు అప్పటికే ఎండకు కాలిపోతున్నాయి. బోటును పరీక్షించడానికి కోర్టు ఇచ్చిన ఆర్డర్ చేతిలో పట్టుకుని వచ్చినా తాళం తీయడానికి హెడ్ కానిస్టేబుల్ ఎర్రన్న గంటసేపు తిప్పలు పెట్టాడు. తాళంచెవి స్టేషన్లో మరిచిపోయినానన్నాడొకసారి. ఆర్డర్ మీద స్టాంపు సరిగ్గా పడలేదన్నాడు ఇంకోసారి. చివరికి ప్రశాంతి వచ్చి కసిరితే, తాళంచెవి ఆయన ప్యాంటు జేబులోంచే బయటికొచ్చింది. జయరాముడికి ఆ గంటలోనే సగం ఓపిక అయిపోయింది.

షెడ్డు మధ్యలో ట్రైలర్ మీద తెల్ల స్పీడ్‌బోటు. గుండ్లవంక రిజర్వాయర్‌లో టూరిస్టులను తిప్పే బోటు. పోయిన వారం అది నీళ్ళ మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోయింది. గాలి దాన్ని తెరిచి ఉన్న గేట్ల వైపు నెట్టింది. గేటు గోడకు కొట్టుకుని ఒరిగిపోయింది. డ్రైవర్ ఓబిలేష్ బతికాడు. బోటులో ఉన్న ఒకే ఒక్క ప్రయాణికుడు శ్రీరంగప్ప గేటు కిందికి పోయాడు. శవం కాలువలో దొరికింది.

శ్రీరంగప్ప టూరిస్టు కాదు. యాడికి మండలం వైపు కాలువ చివరి ఊళ్ళ రైతులకు పెద్ద. కాలువలో నీళ్ళు వదిలినా తమ ఊళ్ళకు ఎందుకు రావడంలేదో ఎన్ని ఆఫీసుల్లో అడిగినా జవాబు రాకపోతే, తానే చూస్తానని బోటు ఎక్కాడు. అవతలి గట్టున నీళ్ళలో మునిగి ఉన్న దొంగ పైపులను ఫోన్లో వీడియో తీస్తానని ఊళ్ళో చెప్పి మరీ వచ్చాడు. ఆ పైపులు చేరకముందే చచ్చిపోయాడు.

పోలీసుల లెక్కలో మాత్రం విషయం చిన్నది. ఓబిలేష్ తాగి ఉన్నాడు, బోటులో ఆయిల్ చూసుకోలేదు, నిర్లక్ష్యం వల్ల మనిషి పోయాడు. ఓబిలేష్ భార్య సుజాత ధర్మవరంలో మగ్గం నేస్తుంది. "నా మొగుడు తాగడు సార్. పొద్దున లేస్తే నా ముఖం కన్నా ముందు ఆ బోటు ఇంజన్ను చూసే మనిషి, చూసుకోలేదంటే నేను నమ్మను," అని జయరాముడి ఆఫీసులో కూర్చుని కదలలేదు.

జయరాముడు నేవీలో ఇంజను రూముల్లో ఇరవై ఏళ్ళు పని చేసి రిటైరై, అనంతపురంలో డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టినవాడు. వానలే పడని జిల్లాకు ఓడల మనిషి వచ్చాడని తెలిసినవాళ్ళు నవ్వారు. అప్పటినుంచి ఆయన చేసేదంతా పెళ్ళికొడుకుల గురించి ఆరా తీయడమే. ఇన్నాళ్ళకు తనకు తెలిసిన పని దొరికింది. దొరికిన సంతోషం మాత్రం ఈ మనుషులు మిగల్చలేదు.

"మీ వాదన ఇంకోసారి చెప్పండి మేడం," అన్నాడు బోటు వెనక మోకాళ్ళ మీద కూర్చుంటూ.

ప్రశాంతి గట్టిగా ఊపిరి వదిలింది. గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చి ఏడాది కాలేదు. "ఈ బోటుకు ఇంజను లోపల ఉంటుంది. దాని కాలు వెనక గోడ దాటి నీళ్ళలోకి దిగి ఉంటుంది. స్టెర్న్‌డ్రైవ్ అంటారు. ఆ కాలి లోపలి గేర్లు ఆయిల్‌లో మునిగి తిరగాలి. చేపల వల దారం ప్రొపెల్లర్‌కు చుట్టుకుని, ఆయిల్ బయటికి పోకుండా ఆపే రబ్బరు సీలును కోసేసింది. ఆయిల్ నీళ్ళలోకి కారిపోయింది. గేర్లు ఎండిపోయి బిగుసుకుపోయాయి. ఇందులో మీరు కొత్తగా కనిపెట్టేది ఏముంది?"

"సీలు కోసుకుపోయిందని ఎవరు చూసినారు?"

"మా ఎక్స్‌పర్ట్ రిపోర్టు ఇచ్చాడు."

"ఆయన బోటును యాడ చూసినాడు?"

"ఫొటోల్లో."

జయరాముడు ప్రొపెల్లర్ నట్టు విప్పి, రెక్కలను వెనక్కి లాగాడు. షాఫ్టుకు నైలాన్ దారం బిగుతుగా చుట్టి ఉంది. దాన్ని ముట్టుకోకుండా టార్చి వేసి చూశాడు. మళ్ళీ చూశాడు. నొసలు చిట్లించాడు.

"ఈ ప్రొపెల్లర్ ముందుకు పోయేటప్పుడు కుడికి తిరుగుతాది. దారం కూడా అట్లే చుట్టుకోవాల. ఇది చూడండి. దానికి ఎదురుగా చుట్టుకోనుండాది."

"రివర్స్ గేర్‌లో చుట్టుకుని ఉండచ్చుగా," అంది ప్రశాంతి వెంటనే.

"ఉండచ్చు. అయితే ఆ తర్వాత ముందుకు పోయినప్పుడు విడిపోయి చిక్కు పడాల. ఇది దారం ఉండ మాదిరి వరసగా ఉండాది. పైగా కొసన ముడి. రెండు ముళ్ళు. గేర్లకు చేతులు లేవు గదా మేడం."

ఆమె వంగి చూసింది. చూసి లేచి నిలబడింది. "ముడి ముందే ఉన్న దారం చుట్టుకుని ఉండచ్చు. నేను కోర్టులో నిలబడాలి, జయరాముడు గారూ. ముడి చూసి మనుషులను వదిలిపెట్టలేను."

కోపం వచ్చినా ఆ మాట నిజమని జయరాముడికి తెలుసు. "సరే. సీల్‌నే అడుగుదాం. ఎర్రన్నా, బకెట్‌లో సబ్బు నీళ్ళు తీసుకురాప్పా."

"సబ్బు నీళ్ళు ఏంటికి సార్? బోటు కడిగేదానికా?"

"తాగేదానికి. తెస్తావా తేవా?"

ఎర్రన్న పోయి చాలాసేపటికి బకెట్‌తో వచ్చాడు. అందులో ఉత్త నీళ్ళు. జయరాముడు బకెట్ వైపు, ఆయన వైపు మార్చి మార్చి చూశాడు. రెండోసారి పోయి ఒక షాంపూ ప్యాకెట్ తెచ్చాడు. ఈలోగా జయరాముడు కాలి అడుగున ఉన్న స్క్రూ విప్పి, కింద తెల్ల కాగితం పెట్టాడు. పడవలసిన ఆయిల్ పడలేదు. నల్లటి చుక్కలు కొన్ని కాగితం మీద రాలి పాకాయి. వాటిని వేళ్ళ మధ్య రుద్దితే ఇనుప పొడి గరగరలాడింది. మాడిన వాసన.

"మేడం, ఈ రంగు చూడండి."

"నలుపు."

"నలుపే. నీళ్ళలో ఉండగా సీలు కారితే, ఆయిల్ బయటికి పోయే దారిలోనే నీళ్ళు లోపలికి వస్తాయి. రెండూ గిలక్కొట్టుకుని పాలు ఎక్కువ పోసిన కాఫీ మాదిరి అవుతాది. ఈ కాలి లోపల ఒక్క చుక్క నీళ్ళు పోలేదు. వారం నుంచి నిలబెట్టినా తుప్పు లేదు."

ప్రశాంతి చేతులు కట్టుకుంది. "కానివ్వండి."

అడుగు రంధ్రానికి గొట్టం బిగించి, కాలితో తొక్కే పంపుతో లోపలికి గాలి కొట్టాడు. పంపు మీద ముల్లు లేచి ఒక చోట నిలబడింది. షాంపూ నీళ్ళు ప్రొపెల్లర్ షాఫ్టు చుట్టూ పోశాడు. సీలు ఎక్కడ చిట్లినా బుడగ లేవాలి. లేవలేదు. గేరు మార్చే కడ్డీ దగ్గర పోశాడు. పైనా కిందా స్క్రూల మీద పోశాడు. బోటుకూ కాలికీ మధ్య ఉన్న రబ్బరు తొడుగులో చెయ్యి పెట్టి తడిమాడు. వేళ్ళు పొడిగా బయటికొచ్చాయి. ముల్లు నిలబడిన చోటే ఉంది.

"పైన గేర్లు కాలిపోయినా కింద సీలు నీళ్ళలో చల్లగా ఉండె గాబట్టి దెబ్బ తినలేదు. ఈ కాలు యాడా కారడంలేదు మేడం. అయినా లోపల ఆయిల్ లేదు. అంటే కారిపోలేదు. ఎవరో తీసినారు. అదీ నీళ్ళలో కాదు, గట్టు మీద, తీరిగ్గా స్క్రూ విప్పి."

"ఏమప్పా, ఎవరు ఏం తీసినారు?"

గుమ్మంలో బయ్యన్న నిలబడి ఉన్నాడు. బోటింగ్ కాంట్రాక్టు ఆయనది. అవతలి గట్టున ఉన్న చీనీ, అంటే బత్తాయి తోటలు ఆయనవి. ఇంతకుముందు ఒకసారి మండలాధ్యక్షుడిగా గెలిచినవాడు కూడా. వెనక ఒక మనిషి కూల్‌డ్రింకుల డబ్బా మోసుకుని వచ్చి దించి పోయాడు.

"ఎండ ఎక్కువుండాది, తాగండి మేడం. నువ్వు కూడా తాగు జయరాముడన్నా."

"తర్వాత తాగుతా. బోటును గట్టుకు ఎప్పుడు ఎక్కించినారు?"

"నాకేం తెలుసప్పా. అదంతా ఓబిలేషే చూసుకుంటాడు."

"ప్రమాదం ముందు రోజు సాయంత్రం ట్రాక్టర్‌తో లాగినారని జెట్టీలో టికెట్లిచ్చే అంజనమ్మ చెప్తాండాది."

"ఓ, అదా. పాచి పట్టింటే కడిగించినాం."

"ఎవరు కడిగినారు?"

"కూలోళ్ళు."

"ఏ కూలోళ్ళు?"

"కూలోళ్ళంటే కూలోళ్ళే గదప్పా. పేర్లు పెట్టి పిలుస్తామా?"

"ట్రాక్టర్ ఎవరిది?"

"నాదే."

"నడిపింది ఎవరు?"

బయ్యన్న కూల్‌డ్రింకు మూత తీసి ఒక గుక్క తాగాడు. "గుర్తుకు లేదు. నేను ఆ పొద్దు తాడిపత్రిలో పెళ్ళికి పోయింటి."

"పెళ్ళి గుర్తుండాది. ఎవరి చేతికి ట్రాక్టర్ ఇచ్చినారో గుర్తుకు లేదు."

"ఏం మేడం, నన్ను పిలిపించింది దీనికేనా?" బయ్యన్న ప్రశాంతి వైపు తిరిగాడు. "తాగుబోతోడు బోటు నడిపి మనిషిని చంపినాడు. నా బోటు పాడైంది, నా పేరు పాడైంది. ఈయప్ప వచ్చి ట్రాక్టర్ గురించి అడుగుతాండాడు."

"ఆయన అడిగేది నేనూ వింటున్నాను. జవాబు చెప్పండి," అంది ప్రశాంతి. ఆమె గొంతులో చిరాకు ఎవరి మీదో బయ్యన్నకు అర్థం కాలేదు. జయరాముడికీ అర్థం కాలేదు.

జయరాముడు బోటు ఎక్కి ఇంజను మూత ఎత్తాడు. లోపల గోడకు ఒక ప్లాస్టిక్ సీసా బిగించి ఉంది. గీత దాకా ఆయిల్ నిండుగా ఉంది.

"ఇదేంటి?" అంది ప్రశాంతి, ఆయన పక్కకు ఎక్కి వంగుతూ. "ఆయిల్ ఉంది కదా!"

"ఓబిలేష్ కూడా అట్లే అనుకున్నాడు. ఈ సీసా నుంచి గొట్టం ఆ కాలికి పోతాది. కాలిలో ఆయిల్ తగ్గితే ముందు ఈ సీసా తగ్గాల. సీసా తగ్గితే పీ అని అలారం కొడతాది. డ్రైవరు పొద్దున చూడాల్సింది దీన్నే. చూసినాడు. నిండుగా ఉండాది. బయల్దేరినాడు. అలారం కొట్టలేదు. ఏంటికి కొడతాది, సీసా తగ్గితే గదా?"

"కాలు ఖాళీ, సీసా నిండుగా. ఎలా?"

"అదే నన్ను చంపుతాండాది." గొట్టాన్ని కాలి వైపు కొస దగ్గర ఊడదీసి కిందికి వంచాడు. పైన నిండు సీసా ఉన్నా ఒక్క చుక్క రాలేదు. గొట్టం పొడవునా వేళ్ళతో నొక్కుకుంటూ పోయాడు. మెత్తగా, మెత్తగా, మెత్తగా. ఒక చోట గట్టిగా తగిలింది. బ్లేడుతో అక్కడ చీల్చాడు. ఆయిల్ బుసకొట్టి చేతుల మీద పడింది. దానితోపాటు చిటికెన వేలి గోరంత నల్ల ప్లాస్టిక్ బిరడా.

జయరాముడు దాన్ని తుడిచి అరచేతిలో పెట్టి చూపించాడు. చీనీ తోటల్లో డ్రిప్ పైపుకు అనవసరమైన చోట తూటు పడితే మూయడానికి కొట్టే బిరడా అది.

"గొట్టంలోకి దీన్ని తోసినారు. సీసా ఆయిల్ సీసాలోనే నిలిచిపోయె. అప్పుడు కింద స్క్రూ విప్పి కాలిని ఖాళీ చేసి, మళ్ళీ బిగించినారు. గేర్లకు పట్టుకున్న తడితో కొంతసేపు నడుస్తాది. నీళ్ళ మధ్యకు పోయేదానికి అది చాలు."

బయ్యన్న బోటు పక్కకు వచ్చి బిరడాను చూశాడు. "ఇదా? ఇది ఈ జిల్లాలో లేని రైతు ఎవడప్పా?"

"ఆయన చెప్పింది నిజం," అంది ప్రశాంతి. "పది తోటలు వెతికితే పది తోటల్లోనూ దొరుకుతుంది."

నిజమే. అంత కష్టపడి తీసిన ఆధారం, ఏ దారి పక్కన తన్నినా దొరికే వస్తువు. జయరాముడికి ఆ బిరడాను షెడ్డు బయటికి విసిరేయాలనిపించింది.

ప్రశాంతి బోటు దిగింది. దిగి, నెమ్మదిగా అంది. "ఒక విషయం ఆలోచించారా? పొద్దున మీరు వచ్చేటప్పటికి ఓబిలేష్ మీద ఉన్నది నిర్లక్ష్యం కేసు. కొద్ది ఏళ్ళలో బయటికి వచ్చేవాడు. ఇప్పుడు మీరు నిరూపించింది హత్య. ఇంజను మూతకు తాళం ఉంటుంది. ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, బయ్యన్న గారూ?"

"ఓబిలేష్ దగ్గర్నే మేడం. ఒకటే తాళంచెవి."

"విన్నారా? సుజాతకు మీరే చెప్పండి, ఆమె మొగుడికి ఏం మేలు చేశారో."

జయరాముడి చెవులు వేడెక్కాయి. షెడ్డు గేటు బయట ఎండలో నిలబడి ఉన్న సుజాత గుర్తొచ్చింది. ఆమెను లోపలికి రానివ్వలేదు.

"మేడం," అన్నాడు చివరికి. "తెరిచిన గేట్ల ముందర బోటు ఆగిపోయేట్టు చేసి, అదే బోటులో తానే కూర్చునే మనిషి ఉంటాడా?"

"ఈత వచ్చినవాడు కూర్చుంటాడు."

"ఆయప్పకు ఈత రాదు. లైఫ్‌జాకెట్ వేసుకుని గేటు గొలుసుకు వేలాడతాంటే మీ వాళ్ళే తాడేసి దించినారు. తాగినాడంటారు. రక్తం రిపోర్టు వచ్చిందా?"

"రాలేదు."

"వాసన చూసింది ఎవరు?"

"ఎర్రన్న."

గుమ్మం దగ్గర నిలబడిన ఎర్రన్న బూట్ల వైపు చూసుకున్నాడు.

"ఆ సాయంత్రం బోటును గట్టుకు లాగినప్పుడు తాళంచెవి ఎవరు అడిగి తీసుకున్నారని ఓబిలేష్‌ను అడిగినారా?"

"అడగాల్సిన అవసరం రాలేదు," అంది ప్రశాంతి. అని తనే పెదవి కొరుక్కుంది.

"ఇప్పుడు వచ్చింది. మీ కస్టడీలోనే గదా ఉండాడు. ఈడికే పిలిపించండి. ఈ బోటు ముందర, బయ్యన్న గారి ముందర, ఆ ఒక్క మాట అడుగుదాం. ఓబిలేష్ అబద్ధం చెప్తే మీకు తెలిసిపోతాది. నిజం చెప్తే నాకు తెలిసిపోతాది."

ప్రశాంతి గుమ్మం వైపు తిరిగింది. "ఎర్రన్నా, జీపు తీసుకుని స్టేషన్‌కు వెళ్ళు. ఓబిలేష్‌ను తీసుకురా."

ఎర్రన్న సెల్యూట్ కొట్టి వెళ్ళాడు. బయ్యన్న ఫోన్ తీసి చూసి, "ఈ రేకుల కింద సిగ్నల్ లేదు, మాట్లాడి వస్తా," అంటూ ఆయన వెనకే బయటికి నడిచాడు.

స్టేషన్ దగ్గరే. అయినా జీపు రాలేదు. బయ్యన్న తిరిగి రాలేదు. జయరాముడు ముందు గడియారం చూసుకున్నాడు, తర్వాత గుమ్మం చూశాడు, తర్వాత వేడెక్కిపోయిన కూల్‌డ్రింకు తెరిచి ఒక గుక్క తాగి మొహం మాడ్చుకున్నాడు. ప్రశాంతి ట్రైలర్ చక్రం మీద కూర్చుని ఫోన్లో ఫొటోలు తిరగేస్తోంది. ముడి గురించి తనకూ అనుమానం పోలేదని ఆమె చెప్పలేదు. చెప్పే అలవాటు లేదు.

ఒక ఫొటో దగ్గర ఆమె వేలు ఆగింది. రెండు వేళ్ళతో పెద్దది చేసింది. లేచి నిలబడింది.

"జయరాముడు గారూ. ఇలా రండి."

క్రేను బోటును నీళ్ళలోంచి ఎత్తిన సాయంత్రం ఆమె స్వయంగా తీసిన ఫొటో. నీళ్ళు ఓడుతూ బోటు గాలిలో ఉంది. ప్రొపెల్లర్ పక్కవాటుగా కెమెరాలో పడింది. రెక్కలకూ కాలికీ మధ్య సందు స్పష్టంగా కనిపిస్తోంది.

అక్కడ దారం లేదు.

"ఆ సాయంత్రమే ఇక్కడికి తెచ్చాం," అంది ప్రశాంతి. ఒక్కో మాటా ఆగి ఆగి వచ్చింది. "షెడ్డుకు నేనే దగ్గరుండి తాళం వేయించాను. మరుసటి రోజు ఎక్స్‌పర్ట్‌కు పంపడానికి ఫొటోలు తీయమన్నాను. ఆ ఫొటోల్లో దారం ఉంది."

"షెడ్డు తాళంచెవులు ఎన్ని మేడం?"

"ఒకటి." ఆమె మొహంలో రంగు మారింది. "మధ్యలో ఎవరూ లోపలికి రాలేదని రోజూ నాకు చెప్పింది కూడా వాడే. ఈ స్టేషన్లో నాకు అబద్ధం చెప్పని మనిషి ఎర్రన్న ఒక్కడే అనుకున్నాను."

జయరాముడికి గెలిచానన్న సంతోషం రాలేదు. ఓబిలేష్‌ను తెమ్మని తానే పట్టుబట్టాడు. తేవడానికి పోయింది ఎలాంటి మనిషో ఇప్పుడు తెలిసింది.

ప్రశాంతి అప్పటికే స్టేషన్‌కు ఫోన్ చేస్తోంది. అవతల స్టేషన్ రికార్డులు రాసే రైటరు గొంతు జయరాముడికి కూడా వినిపించింది. "ఎప్పుడో తీసుకుపోయినాడు మేడం. మీరు తెమ్మన్నారంట గదా?" ఎర్రన్నకు చేసింది. స్విచాఫ్.

ఇద్దరూ బయటికి పరిగెత్తారు. బయ్యన్న కారు లేదు. గేటు దగ్గర సుజాత ఎదురొచ్చింది. ఎండకు ఆమె మొహం కందిపోయి ఉంది.

"సార్, నా మొగున్ని ఈడికి తెస్తాండారని గేటు కాడి కానిస్టేబులు చెప్తే రోడ్డు చూస్తా నిలబడితి. జీపు వచ్చె. నా మొగుడు లోపల కూర్చోనుండె. నేను చెయ్యి ఊపితి. జీపు ఇటు తిరగలేదు సార్. రిజర్వాయర్ కట్ట మీదికి పోయింది. ఏంటికి సార్ ఆడికి?"

"నువ్వు ఈడ్నే ఉండమ్మా," అన్నాడు జయరాముడు, ఆమె కళ్ళలోకి చూడకుండా ప్రశాంతి కారులోకి ఎక్కుతూ.

"ఉండను," అంది సుజాత. వెనక తలుపు తెరుచుకుని కూర్చుంది. వాదించే టైము ఎవరికీ లేదు.

కట్ట మీద దారి ఒక బండికే సరిపోతుంది. ఒకపక్క నీళ్ళు, ఇంకోపక్క నిటారుగా దిగే వాలు. సగం దూరం పోయేసరికి జీపు కనిపించింది. తలుపు తెరిచి ఉంది. జీపు ముందు మట్టిలో ఓబిలేష్ బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు. విప్పిన బేడీలు పక్కన పడి ఉన్నాయి. ఎర్రన్న ఆయన మీదికి వంగి, రెండు చేతులూ జోడించి అరుస్తున్నాడు.

"లెయ్‌రా! నీ కాళ్ళు పట్టుకుంటా, ఉరకరా!"

"ఉరకను," అన్నాడు ఓబిలేష్. "ఉరికితే నేనే చంపినట్ల అవుతాది. నేనేం తప్పు చేసినానని ఉరకల్ల? ఈడ్నే కూర్చుంటా."

"రేయ్, నీకు అర్థం కావడంలే..."

"ఎర్రన్నా!" ప్రశాంతి రివాల్వర్ తీసి కారు దిగింది. "పక్కకు జరుగు."

ఎర్రన్న వెనక్కి తిరిగాడు. పారిపోతాడనుకుంది ఆమె. ఆయన మొహంలో భయం బదులు ఊరట కనిపించింది. "మేడం, మీరన్నా చెప్పండి. నా మాట వినడంలేదు. లేపండి ఈన్ని."

"ప్రొపెల్లర్‌కు దారం కట్టింది నువ్వేనా?"

"నేనే మేడం. వాసన వచ్చిందని చెప్పింది కూడా నేనే. కేసు తొందరగా మూసేదానికి అన్నాడు బయ్యన్న. మా మూడెకరాలకు ఆయప్ప దొంగ పైపుల నీళ్ళే దిక్కు మేడం. లేదంటే చెట్లన్నీ ఎండిపోతాయి. మనిషిని చంపి పెట్టుకోని మూయమంటాండాడని నాకు తెలీదు. దేవుని తోడు." ఆయన మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "ఇప్పుడు ఫోన్ చేసి, ఈన్ని కట్ట మీదికి తెచ్చి బేడీలు తీసి వదిలేసి పో, తప్పించుకున్నాడని చెప్పు, మిగతాది నేను చూసుకుంటా అన్నాడు. మిగతాది ఏందో ఈడికి వచ్చి ఆ కొసన చూసినాకే తెలిసె. అందుకే ఉరకమంటాండా. ఆ పక్క వాలు దిగి పొమ్మంటాండా. కూర్చున్నాడు మేడం! కూర్చున్నాడు!"

"మిగతాది ఏంటి?"

ఎర్రన్న చెయ్యెత్తి చూపించాడు.

కట్ట అవతలి కొసన దుమ్ము లేస్తోంది. దుమ్ములోంచి కంకర టిప్పర్ ఒకటి బయటికొచ్చింది. దారి అంతా అదే. పక్కకు తప్పుకునే చోటు లేదు.

"లెయ్ సామీ," అని సుజాత మొగుడి చెయ్యి పట్టుకుని లాగింది. ఓబిలేష్ ఆమెను చూసి ఆశ్చర్యపోయాడు గానీ కదలలేదు. "నువ్వు ఏంటికి వచ్చినావే ఈడికి? పోలీసోళ్ళు చెప్పకుండా నేను కదిలితే..."

జయరాముడు ఆయన కాలర్ పట్టుకున్నాడు. "నీ నిజాయితీ నా తలకాయ తినా! లేస్తావా, ఎత్తి నీళ్ళలోకి ఎయ్యమంటావా?"

"మేడం చెప్తే లేస్తా."

"లెయ్యి!" ప్రశాంతి కేకకు కట్ట అదిరింది.

ఓబిలేష్ లేచాడు. జయరాముడు, సుజాత ఆయన్ను చెరో భుజం పట్టి వాలు వైపు ఈడ్చారు. ఎర్రన్న జీపులోకి దూకి దాన్ని దారికి అడ్డంగా తిప్పడానికి తంటాలు పడుతున్నాడు. ప్రశాంతి దారి మధ్యలో నిలబడి ఆపమని చెయ్యెత్తింది. గాలిలోకి కాల్చింది. యూనిఫాం కనిపించే దూరమే, చప్పుడు వినిపించే దూరమే. టిప్పర్ వేగం తగ్గలేదు. పెరిగింది.

ఎవడో కూలి డ్రైవర్ అనుకున్నాడు జయరాముడు, వాలు అంచున రాళ్ళలో కాలు నిలదొక్కుకుంటూ. డ్రైవర్ అయితే పోలీసును చూసి ఆగేవాడు. అద్దం మీద ఎండ తప్పుకుంది. స్టీరింగ్ వెనక తెల్లచొక్కా, ఇంతకుముందు షెడ్డులో కూల్‌డ్రింకు ఇచ్చిన చేతులు.

బయ్యన్న.

ఓబిలేష్ కూడా ఆ మొహాన్ని చూశాడు. ఆయన వేళ్ళు జయరాముడి ముంజేతిని గట్టిగా పట్టుకున్నాయి.

"ఆ పొద్దు సాయంత్రం తాళంచెవి అడిగి తీసుకుంది ఈయప్పే సార్," అన్నాడు. "ఎవరూ నన్ను అడగలేదు."